అరవయ్యో పుట్టినరోజుకూ ఇల్లు అమ్మడానికీ ముడి పెట్టకండి

ప్రశ్న: మాది చెన్నైలో పెరంబూరు. నాకు వచ్చే డిసెంబరులో అరవై ఏళ్లు నిండుతాయి. మావారు రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట అరవై మూడో ఏట కాలం చేశారు. అబ్బాయి కెనడాలో స్థిరపడ్డాడు. అమ్మాయి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆరేళ్ల పాప ఉంది, అల్లుడితో విడాకుల కేసు నడుస్తోంది. ఈ ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో బెంగళూరులో అమ్మాయి పేరున ఫ్లాట్ కొని, నన్ను అక్కడికి తీసుకెళ్లాలని పిల్లలిద్దరూ నిశ్చయించారు. అబ్బాయికి సెలవు దొరికేది డిసెంబరు మూడో వారంలోనట. గృహప్రవేశం, హాల్లో నా అరవయ్యో పుట్టినరోజు ఆ వారంలోనే కానిచ్చేద్దామంటున్నారు. మా ఆడపడుచేమో ‘అన్నయ్య లేకుండా నీకు షష్టిపూర్తి ఏమిటి వదినా, నలుగురూ నవ్వరూ?’ అంది. ఆ మాటకు గుండె కలుక్కుమంది. పిల్లల ఉత్సాహం చూస్తే కాదనలేకపోతున్నాను. నిజం చెప్పాలంటే నాకే ఏమీ వద్దనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు వేర్వేరు విషయాలు ఉన్నాయి: మీ పుట్టినరోజు, మీరు ఊరు మారడం, ఇల్లు అమ్మడం, అమ్మాయి కాపురంలో వచ్చిన చిక్కు. వీటిలో ఏ ఒక్కటైనా ఏడాదికి సరిపడా పని పెట్టేదే. అలాంటి నాలుగూ ఒకే వారంలో వచ్చి పడడానికి అబ్బాయి సెలవు తప్ప వేరే కారణమేదీ మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు. కొడుకు అంత దూరం నుంచి వస్తున్నప్పుడు తల్లి పుట్టినరోజును ఆ సెలవును బట్టి జరుపుకోవడం సబబే కానీ, ఆస్తి అమ్మకానికీ తల్లి మకాం మార్పుకూ కూడా ఆ సెలవే ముహూర్తమైతే ఎలా? అందుకని నా సలహా ముందే చెప్పేస్తాను. పుట్టినరోజు పెరంబూరులోనే చేసుకోండి, సంక్రాంతి వెళ్లాక బెంగళూరుకు బయలుదేరండి, ఇల్లు మాత్రం కనీసం ఏడాది పాటు అమ్మకండి.

ముందు మీ ఆడపడుచు గారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా నొప్పించింది అదే. షష్టిపూర్తి పేరుతో మన ఇళ్లలో జరిగేది భర్త వయసును లెక్కపెట్టుకుని చేసే తంతు. అరవయ్యో ఏడు ప్రవేశించినప్పుడు ఉగ్రరథ శాంతి, అరవై నిండినప్పుడు షష్టిపూర్తి శాంతి, డెబ్బైకి భీమరథ శాంతి అని చేయిస్తారు. హోమమూ కలశాభిషేకమూ అయ్యాక దంపతులకు మళ్లీ మంగళసూత్రధారణ చేయించడం అందులో అందరికీ గుర్తుండిపోయే ఘట్టం. చెన్నైలో ఇన్నేళ్లుగా ఉంటున్నారు కనుక తిరుక్కడయూరు అమృతఘటేశ్వరస్వామి గుడికి వెళ్లి ఆ ముచ్చట తీర్చుకుని వచ్చిన జంటలను మీరూ చూసే ఉంటారు. భార్యకు అరవై నిండడాన్ని ఈ తంతులు విడిగా పట్టించుకోవు. మీవారు ఈనాడు మీ పక్కనే ఉన్నా సరే, మీ పుట్టినరోజుకు షష్టిపూర్తి అన్న పేరు వచ్చేది కాదు. కాబట్టి ఆచారం ప్రకారం ఆవిడ అన్నదానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అయితే పిల్లలు తలపెట్టింది షష్టిపూర్తి కానే కాదు కనుక ఆ అభ్యంతరం ఇక్కడ చెల్లదు. ఆవిడ అన్న తీరు మాత్రం బాగాలేదని నాకూ అనిపించింది.

ఇంకొక్క మాట. అరవైకి మన లెక్కలో విశేషం వచ్చింది ప్రభవ మొదలు అక్షయ దాకా సాగే సంవత్సరాల చక్రం వల్ల. గురుడు రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది కనుక, అరవై ఏళ్లకు ఆ రెండు గ్రహాలూ మనం పుట్టినప్పుడు ఉన్న చోటికి ఇంచుమించుగా చేరుకుంటాయి. మీరు 1966 డిసెంబరులో, అంటే పరాభవ నామ సంవత్సరంలో పుట్టారు. 2026 మార్చిలో వచ్చిన ఉగాదితో మళ్లీ పరాభవే మొదలైంది. పుట్టిన ఏడు తిరిగి రావడం మగవారికి ఎంత నిజమో మీకూ అంతే నిజం. పూజ ఏదైనా చేయించుకోవాలని మనసులో ఉంటే జన్మనక్షత్రం రోజున ఆయుష్య హోమం చేయించుకోండి. ఏడాది నిండిన చంటిపిల్లలకు కూడా చేయించే హోమం అది, పక్కన జంట ఉండాలన్న నియమం దానికి లేదు. అక్కరలేదనిపిస్తే మానేయండి, దోషమేమీ లేదు.

హాలు విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షాన ఉన్నాను. ఇలాంటి వేడుక హాల్లో ఎలా జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. స్టేజి మీద ఎత్తైన వీపు ఉన్న ఎర్ర మఖమలు కుర్చీలు రెండు వేస్తారు, ఒకదానిలో మిమ్మల్ని కూర్చోబెడతారు, రెండోదాన్ని తీసేయాలని ఎవరికీ తోచదు, తోచినా అనడానికి నోరు రాదు, చివరికి దానిలో గంధపు దండ వేసిన మీవారి ఫోటో పెడతారు. వచ్చినవాళ్లు వరుసలో నిలబడి, కుంకుమ భరిణె మీ వైపు చాపాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అదే సమయానికి వీడియో తీసే అబ్బాయి ‘అమ్మా, కొంచెం నవ్వండి’ అంటాడు. పిల్లలు దీన్ని ప్రేమతోనే తలపెట్టారు, సందేహం లేదు. కాకపోతే వాళ్ల ఊహలో ఉన్నది అమ్మ నవ్వుతున్న ఫోటో, మీరు భరించవలసింది ఆ ఫోటోకు ముందూ వెనకా ఉన్న మూడు గంటలు. ఆ తేడా వాళ్లకు చెబితే తప్ప తెలియదు, చెప్పవలసినది మీరే.

హాలుకు బదులు మీ ఇంట్లోనే మధ్యాహ్న భోజనం పెట్టండి. వంటకు మనిషిని మాట్లాడుకోండి, మీరు గరిటె పట్టుకోవద్దు. మీవారితో పాటు ఫ్యాక్టరీలో పనిచేసి ఇంకా అయనవరం, విల్లివాక్కం ప్రాంతాల్లో ఉంటున్న కుటుంబాలను, ఇరుగుపొరుగు తమిళులను, పిల్లలకు ట్యూషన్ చెప్పిన మాస్టారు ఉంటే ఆయనను పిలవండి. ఎదురింటివాళ్లను పిలిచి పక్కింటివాళ్లను మరిచిపోయే ప్రమాదం ఉంది కనుక జాబితా మాత్రం కాగితం మీద రాసుకోండి. స్టేజి ఉండదు కనుక ఫోటో ఎక్కడ పెట్టాలన్న సమస్య రాదు. గోడ మీద ఉన్నచోటే ఉంటుంది. మీ ఆడపడుచును ఫోన్‌లో కాకుండా ఇంటికి వెళ్లి స్వయంగా పిలవండి. ‘ఇది షష్టిపూర్తి కాదు, ఊరు మారేముందు అందరినీ ఒకసారి భోజనానికి పిలుస్తున్నాం, నువ్వు రాకపోతే మీ అన్నయ్య తరఫున ఎవరుంటారు?’ అంటే చాలు. అన్నగారిని పోగొట్టుకున్నది ఆవిడ కూడానన్న సంగతి ఈ హడావిడిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఇక గృహప్రవేశం. డిసెంబరు మూడో వారానికి ధనుర్మాసం వచ్చేస్తుంది, సంక్రాంతి దాకా మనవాళ్లు గృహప్రవేశాలు పెట్టుకోరు. పిల్లలు ఆ వారం ఎంచుకునేటప్పుడు పంచాంగం చూసినట్టు లేదు. మీరు నోరు తెరిచి కాదనలేకపోతున్న విషయాన్ని మీ ఆడపడుచు ఒక్క మాటతో తేల్చిపారేస్తుంది, ఆ పని ఆవిడకే అప్పగించండి. ఆచారాల పట్టింపు ఉన్న బంధువు వల్ల ఎప్పుడో ఒకసారి ఇలాంటి మేలు కూడా జరుగుతుంది.

అమ్మకం వాయిదా వేయమనడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. ఇల్లు ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. అది మీవారు సంపాదించి తన పేరున రిజిస్టరు చేయించుకున్నదై, వీలునామా ఏదీ రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీకూ అబ్బాయికీ అమ్మాయికీ సమాన వాటాలు వస్తాయి. మీ అత్తగారు ఆయన పోయేనాటికి జీవించి ఉంటే ఆవిడకూ ఒక వాటా ఉంటుంది. అమ్మాలంటే తాసిల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్టు, వారసులందరి సంతకాలు కావాలి. ఇందులో మీరు గమనించవలసింది ఏమిటంటే, వచ్చే సొమ్ములో మీ వాటా ఎంతో ముందే తేలి ఉంది, దానిని ఏం చేయాలో నిర్ణయించవలసినవారు మీరు. అబ్బాయి తన వాటాను చెల్లెలికి వదులుకుంటానంటే అది అతని ఔదార్యం, అతను రిలీజ్ డీడ్ రాసి ఇవ్వవచ్చు. మీరూ అలాగే వదులుకుంటారని వాళ్లు అనుకుని ఉంటే, ఆ మాట మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

ఫ్లాట్ అమ్మాయి పేరున కొనడం గురించి కొంచెం జాగ్రత్తగా చెబుతాను, దీన్ని అమ్మాయి మీద అనుమానంగా తీసుకోవద్దు. విడాకుల కేసు నడుస్తున్నప్పుడు భరణం ప్రస్తావన కూడా వచ్చి ఉంటే, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో కోర్టుకు అఫిడవిట్ ఇవ్వాలి. పుట్టింటి సొమ్ముతో కొన్నదైనా సరే, కొత్త ఫ్లాట్ అమ్మాయి పేరున ఉంటే ఆ కాగితంలో ఆమె ఆస్తిగానే చూపించవలసి వస్తుంది. దాని వల్ల కేసుకు మేలో కీడో చెప్పగలిగినవారు ఆమె వకీలు ఒక్కరే. ఆయనను అడగకుండా బయానా కూడా ఇవ్వవద్దు. కేసు తేలాక కొనాలనుకున్నప్పుడు మీ వాటా సొమ్ము మేరకైనా మీ పేరు పత్రంలో ఉండేలా చూసుకుని, మీ తదనంతరం అమ్మాయికి చెందేలా వీలునామా రాయండి. వీలునామాను బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రిజిస్టరు చేసి ఇచ్చేసిన ఆస్తిని వెనక్కి తీసుకోవాలంటే మాత్రం ట్రిబ్యునళ్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాలి. వయోవృద్ధుల కోసం 2007లో వచ్చిన చట్టం అరవై నిండినవారికి ఈ విషయంలో కొంత రక్షణ ఇస్తుంది, నిజమే. కానీ ఆ రక్షణ కోసం సొంత కూతురి మీద అర్జీ పెట్టుకోవలసిన పరిస్థితిని కొనితెచ్చుకోవడం దేనికి?

మీ పెన్షన్ సంగతి పిల్లలకు తెలుసో లేదో నాకు అనుమానమే. రిటైరైన ఉద్యోగి చనిపోతే కుటుంబానికి హెచ్చు రేటు ఫ్యామిలీ పెన్షన్ ఏడేళ్ల వరకు, లేదా ఆయన బతికి ఉంటే 67 ఏళ్లు నిండే తేదీ వరకు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అంతవరకే ఇస్తారు. మీవారు అరవై మూడో ఏట పోయారు కనుక మీకు 67 లెక్కే ముందు వస్తుంది. అంటే ఇప్పటి నుంచి రెండు మూడేళ్లలో మీ పెన్షన్ ఆఖరి జీతంలో సగం లెక్క నుంచి 30 శాతం లెక్కకు దిగుతుంది. కరువు భత్యం కూడా తగ్గిన మొత్తం మీదనే కడతారు. ఖచ్చితమైన తేదీ మీ పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) పుస్తకంలో రాసి ఉంటుంది, ఈరోజే తీసి చూడండి. ఇల్లు అమ్మి సొమ్మంతా ఫ్లాట్‌లో పోశాక ఆ తేదీ వస్తే, చేతి ఖర్చుకు కూడా అమ్మాయిని అడగవలసిన పరిస్థితి ఏర్పడుతుంది. అలా కాకుండా పెరంబూరు ఇల్లు అద్దెకు ఇచ్చుకుంటే, తగ్గబోయే పెన్షన్‌కు ఆ అద్దె కొంత దన్నుగా ఉంటుంది. తమిళనాడులో ఇప్పుడు అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, దానిని అద్దె అథారిటీ దగ్గర నమోదు చేయించాలి కూడా. తెలిసినవాళ్లే కదా అని నోటిమాట మీద ఇచ్చేయకండి. మీ చేతిలో పొదుపు ఏమైనా ఉంటే, అరవై నిండిన మర్నాడే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసుకోండి. 30 లక్షల దాకా వేయవచ్చు, మూడు నెలలకొకసారి వడ్డీ చేతికి వస్తుంది, చేరిననాటి వడ్డీ రేటే ఐదేళ్లూ కొనసాగుతుంది. అరవై నిండినందుకు దొరికే కానుకల్లో నాకు నచ్చేది ఇదొక్కటే.

ఇన్ని అభ్యంతరాలు చెప్పాను కదా అని బెంగళూరు వెళ్లవద్దన్నది నా ఉద్దేశమని అనుకోకండి. వెళ్లండి. కోర్టు వాయిదాలు, ఆఫీసు, ఆరేళ్ల పాప, ఈ మూడింటినీ ఒక్కతే నెట్టుకొస్తున్న కూతురికి ఇప్పుడు అత్యవసరంగా కావలసింది స్కూలు బస్సు వచ్చే వేళకు ఇంట్లో ఉండే సొంత మనిషి. ఫ్లాట్ ఒక ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు, ఆ మనిషి ఆలస్యమైతే ఇబ్బంది. సంక్రాంతి వెళ్లాక ప్రస్తుతం అమ్మాయి ఉంటున్న అద్దె ఇంటికే వెళ్లి, పాప వేసవి సెలవుల దాకా ఉండి చూడండి. మీ పేరో, మీవారి పేరో, ఏ పెళ్లి తేదీనో కొట్టించిన స్టీలు గిన్నెలు అటక మీద ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు కానీ, వాటిని కదిలించవద్దు. వంటకు అలవాటైన రెండు మూడు గిన్నెలు, కాఫీ ఫిల్టరు, చలికి స్వెట్టరు చాలు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. చెన్నై ఉక్కకు అలవాటైన మోకాళ్లు జనవరి పొద్దుటిపూటలను మొదట్లో ఒప్పుకోవు.

అక్కడికి వెళ్లాక మాట్లాడుకుందామని కాకుండా బయలుదేరే ముందే అమ్మాయితో కొన్ని మాటలు స్పష్టంగా అనుకోండి. పాపను చూసుకునే వేళలు ఏవి, వంటమనిషి కొనసాగుతుందా లేదా, ఆదివారం ఎవరిది, మీకంటూ తలుపు వేసుకునే గది ఉంటుందా? తల్లీకూతుళ్ల మధ్య ఇవి అడగడం మొహమాటమే, అయినా అడగాలి, ఎందుకంటే అడగకపోతే ఆరు నెలల తర్వాత ఈ ప్రశ్నలే దెప్పుపొడుపుల రూపంలో బయటికి వస్తాయి. అల్లుడి ప్రస్తావన కూడా పాప ముందు ఎంతవరకు తేవాలో, అతను ఫోన్ చేస్తే మీరు ఏం మాట్లాడాలో అమ్మాయినే అడిగి తెలుసుకోండి. ఆమె చెప్పినదాన్ని దాటి ఒక్క మాట కూడా సర్దిచెప్పబోవద్దు.

వైద్యానికి పెరంబూరు రైల్వే ఆసుపత్రి దూరమవుతుందన్న దిగులు మీకు తప్పక ఉంటుంది. మీ ఉమీద్ కార్డు (రైల్వే వారి వైద్య కార్డు) ఏ రైల్వే ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది, బెంగళూరులో మెజెస్టిక్ దగ్గర రైల్వే వారి డివిజనల్ ఆసుపత్రి ఉంది. 2023 నుంచి వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా పర్పుల్ లైన్ మెట్రో నేరుగా నడుస్తోంది కనుక, ఆ ఊరి ట్రాఫిక్‌ను మీరు తిట్టుకోవలసిన అవసరం అందరికన్నా కొంచెం తక్కువే. భాష గురించి బెంగపడకండి. ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో తెలుగు వినిపించని అంతస్తు అరుదు. కన్నడ లిపి మన లిపికి దగ్గరి చుట్టమే కనుక బస్సుల మీద బోర్డులు త్వరలోనే చదివేస్తారు. శక్తి పథకం కింద కర్ణాటకలో ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితం కానీ, అందుకు ఆ రాష్ట్రపు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఉచిత బస్సు కోసం తొందరపడి ఆధార్ చిరునామా మార్చేసుకోకండి, అక్కడే ఉండాలన్న నిర్ణయం గట్టిపడ్డాక మార్చుకోవచ్చు. పెరంబూరు మీద మనసు లాగినప్పుడు కృష్ణరాజపురంలో బృందావన్ రైలు ఎక్కితే రాత్రికి చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. ఇల్లు అమ్మకుండా ఉంచుకుంటే, అటకా సామానూ ఎదురుచూడడానికి ఒక గదైనా మిగులుతుంది. అద్దెకు ఇచ్చేటప్పుడు ఆ గది తాళం మీ దగ్గరే పెట్టుకోండి.

‘ఏమీ వద్దనిపిస్తోంది’ అని రాశారు. హాలూ హడావిడీ వద్దనిపించడం అయితే అది ఆరోగ్యకరమైన విసుగే. తిండి, నిద్ర, పాపతో ఫోన్‌లో మాట్లాడడం కూడా వద్దనిపిస్తూ ఉంటే మాత్రం దాన్ని వయసు మీదకు తోసేయకుండా, బెంగళూరు ప్రయాణానికి ముందే డాక్టరుకు చెప్పండి. ఎదురుగా కూర్చుని చెప్పుకోవడం కష్టమనిపిస్తే ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు, డబ్బు తీసుకోరు.

ఈ సంగతులు పిల్లలిద్దరికీ ఒకేసారి, ముగ్గురూ ఉన్న వీడియో కాల్‌లో చెప్పండి. విడివిడిగా చెబితే ఒకరి మాట ఇంకొకరికి వేరేలా చేరుతుంది. అబ్బాయికి కొంత నొచ్చుకోలు ఉంటుంది, రెండేళ్లుగా ఏమీ చేయలేకపోయానన్న బాధను ఈ ఒక్క వారంలో తీర్చేసుకోవాలని అతని ఆరాటం కావచ్చు. అతనికి పని చెప్పండి: పుట్టినరోజు మర్నాడు మీతో కూర్చుని తండ్రి కాగితాలు, ఇంటి పత్రాలు, పీపీవో, బ్యాంకు పుస్తకాలు అన్నీ సర్ది ఒక ఫైలులో పెట్టమనండి. పెన్షన్ కోసం మీరు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టు మాత్రం అతను వచ్చేదాకా ఆగకుండా ఇచ్చేయండి. హాలుకు అడ్వాన్సు ఎవరైనా ఇప్పటికే ఇచ్చారేమో ఆ కాల్‌లోనే కనుక్కోండి. ఇచ్చి ఉంటే ఎంత తిరిగి ఇస్తారో, ఎప్పటిలోగా చెబితే ఇస్తారో ఆ రశీదు వెనక రాసి ఉంటుంది.